రాగి పట్టే బంగారం, రాగికి చిక్కని టాంటలం

పాత ఫోన్ల బోర్డులను ఆమ్లంలో వేసి ఇంట్లోనే బంగారం తీయవచ్చునా అని ఒక పాఠకుడు అడిగారు. తీయవచ్చు. అయితే ఒక ఫోనులో దొరికేది గ్రాములో నూరో వంతులు రెండో మూడో మాత్రమే; అందుకోసం ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) నుంచి లేచే గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడును పీల్చాలి, మిగిలిన ఆమ్లాన్ని సీసంతో, రాగితో సహా మురుగుకాలువకు వదలాలి. ఈ పని పెద్ద కొలిమిలో జరిగే తీరు ఇంతకంటె ఆసక్తికరం.

పూర్వం కంసాలి దుకాణాల ముందరి మట్టిని కడిగి, పాదరసంతో నూరి, అందులోని బంగారపు రజనును పట్టేవారు. పాదరసం ఇసుకను వదిలి బంగారాన్ని తనలో కలుపుకొంటుంది. బెల్జియంలోని హోబోకెన్‌లోనూ, స్వీడన్‌లోని రోన్‌షార్‌లోనూ ఉన్న కొలిమిలలో సుమారు 1200 డిగ్రీల వద్ద కరిగిన రాగి చేసేది ఈ పనే. బంగారం, వెండి, పల్లాడియం ఆక్సిజన్‌తో సులభంగా కలవవు కనుక రాగిలో కరిగి అడుగున ఉంటాయి. అల్యూమినియం, బోర్డు మీది చిన్న కెపాసిటర్లలోని టాంటలం, అయస్కాంతాలలోని నియోడిమియం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొని, బోర్డులోని గాజునారతో కలిసి చిట్టెంగా (స్లాగ్‌గా) పైకి తేలుతాయి. పాదరసాన్ని వేడిచేసి ఆవిరిగా తోలేసేవారు, రాగిని అలా తోలలేము. అందుకే దానిని పలకలుగా పోతపోసి, కాపర్ సల్ఫేట్ తొట్టిలో ఆనోడుగా, అంటే ధన ధ్రువంగా, వేలాడదీసి విద్యుత్తు పంపుతారు. లోహం కరగడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే ప్రమాణ పొటెన్షియల్ రాగికి 0.34 వోల్టులు, వెండికి 0.80, బంగారానికి దాదాపు 1.5. తొట్టిలోని స్వల్ప వోల్టేజికి రాగి కరిగి ఎదుటి రుణ ధ్రువమైన కాథోడును చేరుతుంది, నికెల్, ఇనుము కరిగి ద్రావణంలోనే ఉండిపోతాయి, వెండీ బంగారమూ కరగక ఆనోడు బురదగా అడుగున రాలుతాయి. పదో తరగతిలో చర్యాశీలత శ్రేణిని బట్టీపట్టించే బదులు ఈ బురదను చూపితే పాఠం మనసులో నిలిచేది. రాగిని బంగారం చేస్తామని జనాన్ని నమ్మించిన రసవాదులకు ఇలాంటి రాగి దొరికి ఉంటే ఎంత పేరు వచ్చేదో!

చిట్టెంలోకి పోయిన టాంటలం మాత్రం గాజులో అణువణువునా చెదిరిపోతుంది, తిరిగి తీయడం గిట్టుబాటు కాదు. ఏ లోహం దక్కుతుందో, ఏది పోతుందో ఆ వస్తువును రూపొందించిన బల్ల మీదే చాలావరకు తేలిపోతుంది. వైబ్రేటరులోని నియోడిమియం అయస్కాంతాన్ని మరమేకుతో బిగిస్తే కొలిమికి ముందే విప్పి తీయవచ్చు; జిగురుతో అతికిస్తే ఫోను మొత్తం ముక్కలు చేసే యంత్రంలోకి వెళుతుంది, అక్కడ అయస్కాంతపు పొడి ఇనుప ముక్కలకు అంటుకొని ఉక్కు కొలిమిలో కలిసిపోతుంది. మరమ్మతు చేసేవాడికి అడ్డుపడేదీ ఆ జిగురే కనుక, ఫోను ఆయుష్షు తగ్గేదీ దానివల్లనే. తయారీదారుకు ఈ రెండు నష్టాలలో ఏదీ లెక్కకు రాదు.

ఐరోపా సమాఖ్య ఈ లెక్కను బ్యాటరీతో మొదలుపెట్టింది: చిన్న పరికరాలలోని బ్యాటరీని వాడుకదారే తీయగలిగేలా ఉండాలన్న నియమం, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి వర్తిస్తుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారు బాధ్యతను రీసైక్లింగ్ ధ్రువపత్రాలతో కొలుస్తాయి. ఆ ధ్రువపత్రాలను మొదట బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగింటికే పెట్టారు. ఈ నాలుగూ ధ్రువపత్రం లేకున్నా పాత ఇనుప సామాను వ్యాపారి ఏరుకునేవే.