గ్రీకు, లాటిన్ సభల తలుపు దగ్గర 150 ఏళ్లు

2019 జనవరి మొదటి వారంలో అమెరికాలోని శాన్ డియాగోలో ప్రాచీన గ్రీకు, రోమన్ అధ్యయనాల (వీటినే క్లాసిక్స్ అంటారు) వార్షిక సమావేశాలు జరిగాయి. వాటిని నడిపే సొసైటీ ఫర్ క్లాసికల్ స్టడీస్‌కి అది 150వ ఏడు. ఆ సందర్భంగా క్లాసిక్స్ భవిష్యత్తు గురించి ఒక ప్రత్యేక చర్చ పెట్టారు. అందులో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డాన్‌ఎల్ పడియా పెరాల్టా మాట్లాడుతూ, ఈ రంగంలోని పేరున్న పత్రికల్లో తెల్లవారు కాని రచయితలు ఎంత తక్కువమందో లెక్కలు చూపించారు. ప్రశ్నల సమయంలో సభలోంచి ఒకరు లేచి, నల్లజాతివాడు కాబట్టే ఆయనకు ఆ ఉద్యోగం వచ్చి ఉండొచ్చని ముఖం మీదే అన్నారు. అలా అన్న వ్యక్తిని మిగతా సమావేశాలకు రావద్దని నిర్వాహకులు చెప్పారు. అవే సమావేశాలకు పురస్కారం అందుకోవడానికి వచ్చిన ఇద్దరు యువ పరిశోధకుల్ని హోటల్ సెక్యూరిటీ వాళ్లు ఆపి గుర్తింపు కార్డులు అడిగారు. వాళ్లు కూడా తెల్లవారు కారు.

పడియా పెరాల్టా డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులతో న్యూయార్క్ వచ్చి, వీసా గడువు దాటిపోయి, సరైన కాగితాలు లేకుండా పెరిగారు. కొంతకాలం ఇల్లు లేనివాళ్ల కోసం నడిపే వసతి గృహంలో ఉన్నారు. 2006లో ప్రిన్స్‌టన్ స్నాతకోత్సవంలో లాటిన్ ప్రసంగం చేసింది ఆయనే. అక్కడ ప్రతి ఏటా ఒక విద్యార్థి లాటిన్‌లో మాట్లాడటం ఆనవాయితీ. అంతటి భాషా పాండిత్యం ఉన్నవాడిని కూడా ఆ సభలో "నువ్వు ఇక్కడికి ఎలా వచ్చావు" అని అడిగినట్టే అయింది. ఇది ఆ ఒక్క రోజు జరిగిన పొరపాటు అనుకుంటే అసలు విషయం అర్థం కాదు. ఈ ప్రశ్న చాలా పాతది.

ఈ సొసైటీ 1869లో అమెరికన్ ఫిలొలాజికల్ అసోసియేషన్ (భాషా సాహిత్య అధ్యయన సంఘం) అనే పేరుతో మొదలైంది. తొలి సమావేశం న్యూయార్క్ రాష్ట్రంలోని పౌకీప్సీలో జరిగింది. మొదటి అధ్యక్షుడు విలియం డ్వైట్ విట్నీ. సంస్కృతం చదివిన మనవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1879లో వచ్చిన ఆయన సంస్కృత వ్యాకరణం ఇప్పటికీ మన దేశంలో అచ్చవుతోంది. అంటే గ్రీకు, లాటిన్ పండితుల సంఘానికి తొలి పెద్ద ఒక సంస్కృత పండితుడు. మొదట్లో ఆ సభల్లో ఏ భాష గురించైనా మాట్లాడేవారు. అమెరికా ఆదివాసుల భాషల మీద కూడా పేపర్లు చదివేవారు. 1883లో ఆధునిక భాషల వాళ్లు, 1924లో భాషాశాస్త్రం వాళ్లు వేరే సంఘాలు పెట్టుకున్నారు. చివరికి ఇక్కడ గ్రీకు, లాటిన్ మాత్రమే మిగిలాయి.

అప్పటి అమెరికాలో ఆ రెండు భాషలు వస్తే చదువుకున్నవాడనే ముద్ర పడేది. 1828లో యేల్ కాలేజీ ఒక నివేదిక ప్రచురించి, బుద్ధికి క్రమశిక్షణ రావాలంటే ఈ ప్రాచీన భాషలు తప్పనిసరి అని గట్టిగా వాదించింది. చాలా కాలేజీలు దాన్నే అనుసరించాయి. సహజంగానే, భాషలు రానివాడికి కాలేజీలో చోటు లేకుండా పోయింది. ఇక నల్లజాతి పిల్లలకు ఆ భాషలు నేర్పే బడే దొరికేది కాదు.

నల్లజాతి మతబోధకుడు అలెగ్జాండర్ క్రమెల్ 1897లో వాషింగ్టన్‌లో ఒక ప్రసంగంలో తన కుర్రతనం నాటి సంగతి చెప్పాడు. 1830ల్లో న్యూయార్క్‌లోని ఒక ఆఫీసులో చిన్న పనులు చేస్తూ, వాషింగ్టన్ వెళ్లొచ్చిన లాయర్ల మాటలు విన్నాడట. బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన సెనేటర్ జాన్ కాల్‌హూన్ వాళ్లతో భోజనం దగ్గర అన్న మాట అది: గ్రీకు వాక్యనిర్మాణం తెలిసిన నీగ్రో ఒక్కడు కనిపిస్తే, నీగ్రో కూడా మనిషేనని అప్పుడు నమ్ముతాను. కాల్‌హూన్ స్వయంగా యేల్‌లో చదివినవాడు. నల్లజాతి కుర్రాడికి గ్రీకు నేర్పే బడి దేశంలో ఎక్కడుందో మాత్రం ఆయన ఆలోచించలేదని క్రమెల్ ఎత్తి చూపాడు. 1835లో క్రమెల్ న్యూ హాంప్‌షైర్‌లోని నోయ్స్ అకాడమీలో చేరాడు. అది నల్లవాళ్లను, తెల్లవాళ్లను కలిపి చదివించే బడి. కొన్ని నెలలకే చుట్టుపక్కల జనం ఎద్దుల జతలు కట్టి ఆ బడి భవనాన్ని పునాది మీంచి ఈడ్చుకుపోయారు. ఆ తర్వాత క్రమెల్ ఇంగ్లండ్ వెళ్లి, 1853లో కేంబ్రిడ్జిలో పట్టా తీసుకున్నాడు.

కాల్‌హూన్ సవాలుకు సరైన జవాబు ఎవరని అడిగితే నేను విలియం శాండర్స్ స్కార్‌బరో పేరు చెబుతాను. 1852లో జార్జియాలోని మేకన్‌లో పుట్టాడు. తల్లి బానిస కాబట్టి చట్టం ప్రకారం బిడ్డ కూడా బానిసే. బానిసలకు చదువు చెప్పడం ఆ రాష్ట్రంలో నేరం. ఆడుకోవడానికి వెళ్తున్నట్టు ఇంట్లోంచి బయల్దేరి, రహస్యంగా అక్షరాలు నేర్చుకున్నాడు. అంతర్యుద్ధం అయ్యాక అట్లాంటాలో, తర్వాత ఒహాయోలోని ఒబెర్లిన్ కాలేజీలో చదివి 1875లో పట్టా పొందాడు. నల్లజాతివారి కోసం పెట్టిన విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీలో గ్రీకు, లాటిన్ చెప్పే ఉద్యోగంలో చేరాడు. 1881లో ఆయన రాసిన గ్రీకు తొలి పాఠాల పుస్తకం న్యూయార్క్‌లో అచ్చయింది. మొదటి భాగంలో వ్యాకరణ పాఠాలు, రెండో భాగంలో ప్రాచీన గ్రీకు రచయిత జెనొఫన్ రచనల నుంచి తీసుకున్న భాగాలు ఉన్నాయి. ఆఫ్రికన్ అమెరికన్ ఒకరు గ్రీకు పాఠ్యపుస్తకం రాయడం అదే మొదటిసారి.

1882లో స్కార్‌బరో ఫిలొలాజికల్ అసోసియేషన్‌లో సభ్యుడయ్యాడు. ఆయనకు ముందు అందులో చేరిన నల్లజాతివాళ్లు ఇద్దరే. ఒకరు హార్వర్డ్‌లో పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి రిచర్డ్ గ్రీనర్. రెండో ఆయన లైబీరియాలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైడెన్. సభ్యత్వం పేరుకి మాత్రమే ఉంచుకోకుండా స్కార్‌బరో ఏళ్ల తరబడి సమావేశాలకు వెళ్లి పేపర్లు చదివాడు. గ్రీకు క్రియారూపాల మీద, యూరిపిడీస్ నాటకాల మీద రాశాడు. 1892లో సమావేశాలు వర్జీనియా యూనివర్సిటీలో జరిగాయి. బానిసల శ్రమతో కట్టిన ఆ ప్రాంగణంలో, బానిసగా పుట్టిన మనిషి నిలబడి ప్లేటో సంభాషణల్లో ఏది ముందు రాసిందో, ఏది తర్వాతదో చర్చించాడు. అమెరికన్ విద్యా చరిత్రలో ఇంతకంటే గొప్ప ఘట్టాలు చాలా ఉన్నాయని నేననుకోను.

1909 డిసెంబరులో సమావేశాలు బాల్టిమోర్‌లో పెట్టారు. స్కార్‌బరో వస్తే విందు వడ్డించేది లేదని హోటల్ చెప్పింది. ఆయన వెళ్లలేదు. అప్పటికి ఆయన విల్బర్‌ఫోర్స్ యూనివర్సిటీకి అధ్యక్షుడు, అసోసియేషన్‌లో 27 ఏళ్ల నుంచి సభ్యుడు. ఆయన కోసం హోటల్‌నే మార్చాలని సంఘం పట్టుబట్టలేదు. జాషువాకు సాహిత్య సభల్లో జరిగిన అవమానాలు తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. విద్వత్తు అందరి ముందూ రుజువైనాక కూడా, భోజనం బల్ల దగ్గరికి వచ్చేసరికి మనిషి పుట్టుక అడ్డొచ్చింది.

ఇదే కాలంలో ఇంకో మార్పు నడుస్తోంది. దీన్ని కూడా కలిపి చూడకపోతే ఇవాళ్టి గొడవ సగమే అర్థమవుతుంది. 1883లో చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ హార్వర్డ్‌లో ఒక ప్రసంగం చేశాడు. ఇద్దరు అమెరికా అధ్యక్షుల వంశం ఆయనది. గ్రీకును నిర్బంధంగా నేర్పడం మూఢభక్తి తప్ప ఇంకేం కాదనీ, తన కాలేజీ చదువు బతుకులో తనకు ఉపయోగపడలేదనీ దుయ్యబట్టాడు. దానిమీద పత్రికల్లో పెద్ద దుమారం లేచింది. ఆ దశాబ్దంలోనే హార్వర్డ్ ప్రవేశానికి గ్రీకు తప్పనిసరి కాకుండా పోయింది. ఆడమ్స్ ప్రసంగం నాటికి స్కార్‌బరో పుస్తకం వచ్చి రెండేళ్లు. తరతరాలుగా గ్రీకు అందుబాటులో ఉన్న కుటుంబం దాన్ని వద్దంటున్నప్పుడే, అది అందకుండా పోయిన ఇళ్ల పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుంటున్నారు.

ఆ పిల్లలకు కూడా అది ఎక్కువ కాలం దక్కనివ్వలేదు. 1895లో నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ అట్లాంటాలో చేసిన ప్రసంగం తర్వాత, నల్లజాతి యువకులకు చేతిపనులు నేర్పితే చాలన్న వాదం బాగా బలపడింది. దాతల డబ్బు కూడా అటే వెళ్లింది. స్కార్‌బరో కూడా 1890ల్లో కొంతకాలం తన క్లాసిక్స్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1894లో విల్బర్‌ఫోర్స్‌లో గ్రీకు, లాటిన్ చెప్పడానికి వచ్చిన యువకుడి పేరు డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. ఆ తర్వాత వాషింగ్టన్ వాదాన్ని అందరికంటే గట్టిగా ఎదిరించింది ఈయనే.

ఆడవాళ్ల దారి కొంచెం తొందరగా తెరుచుకుంది. అమెరికాలో పిహెచ్‌డి పొందిన తొలి మహిళ హెలెన్ మగిల్. 1877లో బోస్టన్ యూనివర్సిటీలో గ్రీకు నాటకం మీద ఆ పట్టా తీసుకున్నారు. 1899లో ఫిలొలాజికల్ అసోసియేషన్ అధ్యక్ష పదవి వాసర్ కాలేజీ ప్రొఫెసర్ ఆబీ లీచ్‌కి దక్కింది. 1912 నుంచి లోబ్ గ్రంథమాల రావడంతో భాష కొంతే వచ్చినవాళ్లకూ ఊతం దొరికింది. ఒక పేజీలో మూలం, ఎదురు పేజీలో ఇంగ్లిష్ అనువాదం ఉంటాయి. గ్రీకుకి ఆకుపచ్చ అట్ట, లాటిన్‌కి ఎర్ర అట్ట. ఈ సభలకు వెళ్లిన వాళ్లకు అలాంటి పద్ధతే కనిపిస్తుంది. పేపర్ చదివేవారు పదిహేను, ఇరవై నిమిషాలు మాట్లాడతారు. ముందే హ్యాండౌట్ పంచుతారు. అందులో గ్రీకు వాక్యాలు, పక్కనో కిందో అనువాదం. వాదన మొత్తం ఒక్కోసారి ఒక విభక్తి మీదో, రాతప్రతిలో ఒక పాఠాంతరం మీదో నిలబడుతుంది. ప్రశ్నల సమయంలో ఎవరో లేచి "మూడో వాక్యంలో ఆ క్రియకు కర్త ఎవరు" అని అడుగుతారు. ఆ క్షణంలో భాష వచ్చినవాడికీ రానివాడికీ తేడా అందరికీ తెలిసిపోతుంది. భాష అక్కర్లేదు అనేవాళ్లు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకుంటారని నాకు అనిపిస్తుంది.

భాష మీద గట్టి పట్టుతో, కొత్త ప్రశ్న వేసి రంగాన్నే మార్చిన మనిషి ఫ్రాంక్ స్నోడెన్. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో దశాబ్దాల పాటు క్లాసిక్స్ చెప్పారు. అది 1867లో ప్రధానంగా నల్లజాతివారి కోసం పుట్టిన యూనివర్సిటీ. ప్రాచీన గ్రీసు, రోమ్‌లలో నల్లజాతి మనుషులను ఎలా చూశారో గ్రంథాల్లో, కుండల మీది బొమ్మల్లో, శిల్పాల్లో వెతికి, ఆ సాక్ష్యాలన్నీ 1970లో ఒక పుస్తకంగా తెచ్చారు. మనం ఇవాళ చూసే రంగు ద్వేషం అప్పట్లో లేదని ఆయన వాదన. దాన్ని కాదన్నవాళ్లు తర్వాత వచ్చారు. కానీ ఆయన పోగుచేసిన ఆధారాలు వదిలేసి ఎవరూ ముందుకు వెళ్లలేకపోయారు. 1909లో స్కార్‌బరో పక్షాన నిలబడని అదే ఫిలొలాజికల్ అసోసియేషన్, 1973లో తన గుడ్విన్ పురస్కారాన్ని స్నోడెన్‌కి ఇచ్చింది. రచయిత్రి టోనీ మారిసన్ 1950ల మొదట్లో హోవర్డ్‌లో చదువుకునేటప్పుడు ఇంగ్లిష్‌తో పాటు క్లాసిక్స్ కూడా చదివారు.

2021లో రెండు వార్తలు కొద్ది నెలల తేడాతో వచ్చాయి. హోవర్డ్ తన క్లాసిక్స్ విభాగాన్ని మూసేసి, అందులోని కోర్సులను వేరే విభాగాలకు సర్దుతున్నట్టు చెప్పింది. ప్రిన్స్‌టన్‌లో క్లాసిక్స్ ప్రధానాంశంగా తీసుకునే విద్యార్థికి గ్రీకులోనో లాటిన్‌లోనో ప్రావీణ్యం ఉండి తీరాలన్న నిబంధన తీసేశారు. పత్రికల్లో ప్రిన్స్‌టన్ పేరే ఎక్కువ మోగింది. పాశ్చాత్య నాగరికత కూలిపోతోందని కొందరు, పాత అడ్డుగోడ కూలిందని కొందరు రాశారు. నిజానికి ప్రిన్స్‌టన్‌లో భాషల బోధన ఆగలేదు. కావాలనుకున్న విద్యార్థి హోమర్‌ని మూలంలో చదువుకోవచ్చు. స్కూల్లో లాటిన్ లేని పిల్లలు కూడా ఈ రంగంలోకి రావాలంటే అలాంటి సడలింపు అవసరమే. అమెరికాలో అన్ని హైస్కూళ్లలో లాటిన్ దొరకదు.

హోవర్డ్ నిర్ణయం నాకు ఎక్కువ బాధ కలిగించింది. నల్లజాతి యూనివర్సిటీల్లో క్లాసిక్స్ విభాగం మిగిలింది అదొక్కటే. అది పోతే గ్రీకును ప్రేమగా, పట్టుదలగా నేర్పే చోటు ఆ సమాజంలో ఒకటి తగ్గినట్టే. గ్రీకు వ్యాకరణం తీసేయమని స్కార్‌బరో ఎప్పుడూ అడగలేదు. అదే వ్యాకరణాన్ని తన పిల్లలకు నేర్పుతానన్నాడు, నేర్పడానికి పుస్తకం రాశాడు, దాన్ని చర్చించే సభలో కూర్చోనివ్వమన్నాడు.

ఆయన ఆత్మకథ రాతప్రతి దాదాపు 80 ఏళ్లు మరుగున పడి ఉంది. మిషెల్ రోనిక్ అనే లాటిన్ ప్రొఫెసర్ దాన్ని వెతికి తీసి, 2005లో అచ్చు వేయించారు. ఏథెన్స్‌లోని అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ ఇప్పుడు ఆయన పేరుతో ఫెలోషిప్ ఇస్తోంది. ఇక సమావేశాల సంగతి. 2014 నుంచి సంఘం సొసైటీ ఫర్ క్లాసికల్ స్టడీస్ అనే కొత్త పేరుతోనే సభలు పెడుతోంది. 2021లో కోవిడ్ వల్ల మొత్తం ఆన్‌లైన్‌లో జరిపారు. విమాన టికెట్, హోటల్ ఖర్చు భరించలేని విద్యార్థులు అప్పుడు ఇంటినుంచే పేపర్లు చదివారు. ఆ వీలు ఎంతవరకు కొనసాగించాలన్నది ఆ తర్వాత సంఘం ముందుకొచ్చిన ప్రశ్న. ఆన్‌లైన్‌లో జరిపితే ఖర్చు, సాంకేతిక ఏర్పాట్ల భారం నిర్వాహకుల మీద పడుతుంది. తీసేస్తే పెద్ద యూనివర్సిటీల ప్రయాణ భత్యం ఉన్నవాళ్లే మళ్లీ ఆ గదుల్లో ఎక్కువగా కనిపిస్తారు.