ప్యాడ్ పాడైందనుకునే ముందు: పాత కంప్యూటర్ ఎమ్యులేటర్లపై అపోహలు - వాస్తవాలు

కమడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి 1980ల నాటి హోమ్ కంప్యూటర్లను ఎమ్యులేటర్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో ఆ పాత మెషీన్‌లా ప్రవర్తించే ప్రోగ్రామ్‌లో) నడుపుకునేవాళ్లకు కంట్రోలర్లు సెట్ చేసిపెట్టడం నా పని. వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ప్యాడ్ పనిచేయట్లేదు." నిజంగా ప్యాడే పాడైన సందర్భాలు తక్కువ. బటన్ నొక్కిన కబురు ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కి, దాన్నుంచి ఎమ్యులేటర్‌కి, అక్కణ్నుంచి ఆ పాత మెషీన్ పోర్టులోకి, చివరికి గేమ్‌కి చేరాలి. ఎక్కడ ఆగిందో చూడకుండా సెట్టింగులన్నీ కెలికితే ఉన్న తంటాకి ఇంకో రెండు తోడవుతాయి.

అపోహ: విండోస్‌లో ప్యాడ్ కనిపిస్తోంది, అంటే గేమ్‌లో కూడా పనిచేయాలి.

విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి చూస్తే బటన్ల లైట్లు వెలుగుతాయి. దాంతో మొదటి మెట్టు దాటిందని తేలుతుంది, అంతే. చాలామంది ఇరుక్కునేది మూడో మెట్టు దగ్గర, అంటే పాత మెషీన్ పోర్టు దగ్గర.

కమడోర్ 64కి రెండు జాయ్‌స్టిక్ పోర్టులున్నాయి. ఒక్కరు ఆడే గేమ్స్ ఎక్కువగా చూసేది రెండో పోర్టునే. దానికో కారణం ఉంది. ఒకటో పోర్టు వైర్లూ కీబోర్డ్ వైర్లూ ఒకే చిప్‌లో ఒకే చోట కలుస్తాయి, అందుకే అందులో స్టిక్ కదిపితే కీ నొక్కినట్టే లెక్క. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. గేమ్ ఏదీ ఎక్కించకుండా రెడీ అని కనిపించే బేసిక్ (ఆ మెషీన్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) తెరమీదే ఉండి స్టిక్ పైకి తోయండి. తెరమీద 1 పడితే మీ ప్యాడ్ ఒకటో పోర్టులో ఉన్నట్టు. కుడికి తోస్తే 2 పడుతుంది, ఫైర్ నొక్కితే స్పేస్ పడుతుంది. ఎడమకి తోస్తే కంట్రోల్ కీ నొక్కినట్టవుతుంది కాబట్టి ఏమీ కనిపించదు, కంగారు పడొద్దు.

ఏ వైపు తోసినా ఏమీ పడకపోతే 10 PRINT PEEK(56320):GOTO 10 అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, RUN అని టైప్ చేసి మళ్లీ ఎంటర్ కొట్టండి. 56320 అన్నది రెండో పోర్టు చిరునామా. ఊరికే ఉన్నప్పుడు 127 వస్తుంది. ఫైర్ నొక్కి పట్టుకుంటే 111, స్టిక్ పైకి పట్టుకుంటే 126 రావాలి. ఈ అంకెలు మారుతున్నాయంటే ఎమ్యులేటర్ తన పని తాను చేసినట్టే, ఇక వెతకాల్సింది గేమ్ మెనూలో. మారకపోతే ఎమ్యులేటర్ సెట్టింగుల్లో రెండో పోర్టుకి మీ ప్యాడ్ కేటాయించారో లేదో చూడండి. ఫోరమ్‌లన్నీ గాలించేకన్నా ఈ ఒక్క లైను నయం.

అపోహ: జాయ్‌స్టిక్ అంటే జాయ్‌స్టిక్కే, ఏ రకం ఎంచుకున్నా ఒకటే.

స్పెక్ట్రమ్ దగ్గర ఈ మాట అస్సలు చెల్లదు. 1982లో వచ్చిన ఆ మెషీన్‌కి జాయ్‌స్టిక్ పోర్టే లేదు. వెనకాల తగిలించుకునే ఇంటర్‌ఫేస్‌లు తలా ఒక పద్ధతి పెట్టుకున్నాయి. సింక్లెయిర్ పద్ధతిలో స్టిక్ కదిపితే 6 నుంచి 0 వరకు అంకెల కీలు నొక్కినట్టు (రెండో స్టిక్ అయితే 1 నుంచి 5). కర్సర్ పద్ధతిలో 5, 6, 7, 8, ఫైర్‌కి 0. కెంప్‌స్టన్ అనే ఇంకో ఇంటర్‌ఫేస్‌కి కీబోర్డ్‌తో సంబంధమే లేదు, అది 31వ పోర్టులో విడిగా చెబుతుంది. గేమ్ మెనూలో ఒకటీ ఎమ్యులేటర్‌లో ఇంకొకటీ పెడితే రెండింటికీ మాట కలవదు.

కొందరు "ప్యాడ్ ముట్టుకోకుండానే బొమ్మ దానంతటదే పరుగెడుతోంది" అంటారు. దీనికి స్టిక్ డ్రిఫ్టే (స్టిక్ వదిలేసినా ఒక పక్కకి వంగినట్టు చూపడమే) కారణం కానక్కర్లేదు. గేమ్‌లో కెంప్‌స్టన్ ఎంచుకుని ఎమ్యులేటర్‌లో అది పెట్టకపోతే 31వ పోర్టు సాధారణంగా 255 అని జవాబిస్తుంది. అన్ని వైపులా స్టిక్ తోసి ఫైర్ కూడా నొక్కేశారని గేమ్ అనుకుంటుంది. బేసిక్‌లో ప్రింట్ ఇన్ 31 (PRINT IN 31) కొట్టి చూడండి. కెంప్‌స్టన్ సరిగ్గా ఉంటే ఊరికే ఉన్నప్పుడు 0, కుడికి 1, ఎడమకి 2, కిందకి 4, పైకి 8, ఫైర్‌కి 16 వస్తాయి.

అపోహ: డెడ్‌జోన్ ఎంత పెంచితే అంత మంచిది.

అప్పటి జాయ్‌స్టిక్‌లో ఎక్కువగా ఉండేవి నాలుగు దిక్కులకి నాలుగు స్విచ్చులు, ఫైర్‌కి ఒకటి. ఇప్పటి అనలాగ్ స్టిక్ ఎంత వంగితే స్విచ్ పడినట్టో ఎమ్యులేటర్ ఒక గీత గీసుకోవాలి, డెడ్‌జోన్ అంటే ఆ గీత లోపలి చోటు. స్టిక్ చుట్టూ ఉన్న అంచు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలకి పూర్తిగా తోసినా ఒక్కో దిక్కులో సుమారు 71 శాతమే వస్తుంది. డ్రిఫ్ట్ భయంతో గీతని 80 దగ్గర పెడితే ఐమూలగా దూకడం ఇక కుదరదు. అలాగని 10 దగ్గర పెడితే తిన్నగా తోసినా ఐమూలకి పోతుంది. 38 శాతం దగ్గర పెడితే ఎనిమిది దిక్కులకీ సమానంగా చోటు దొరుకుతుంది. నేను అక్కణ్నుంచే మొదలుపెట్టి అవసరాన్ని బట్టి కాస్త అటూ ఇటూ జరుపుతాను. బీబీసీ మైక్రో, యాపిల్ 2 స్టిక్‌లు నిజంగానే అనలాగ్, వాటి లెక్క వేరు.

నన్నడిగితే ఇలాంటి గేమ్స్‌కి డీ-ప్యాడే (ప్లస్ గుర్తులా ఉండే దిక్కుల బటనే) హాయి. కాకపోతే కొన్ని ప్యాడ్‌లలో అది స్టిక్‌గా కాకుండా హ్యాట్‌గా (విడి దిక్కుల స్విచ్‌గా) నమోదవుతుంది, దాన్ని విడిగా మ్యాప్ చేసుకోవాలి.

అపోహ: ప్యాడ్‌లో రెండో బటన్ దేనికీ పనికిరాదు.

ఫైర్ బటన్ ఒక్కటే ఉండటంతో చాలా గేమ్స్‌లో దూకడానికి స్టిక్ పైకి తోయాలి. "పైకి" అన్న దిక్కునే రెండో బటన్‌కి ఇచ్చేయండి, బొటనవేలికి సుఖం.

అపోహ: ప్యాడ్ మానేసి కీబోర్డ్‌తో ఆడితే ఏ గొడవా ఉండదు.

గొడవ ఉంటుంది, కాకపోతే వేరే రకం. రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో పీ నొక్కితే పాజ్, ఎఫ్ నొక్కితే ఫుల్‌స్క్రీన్, స్పేస్ నొక్కితే ఫాస్ట్ ఫార్వర్డ్. బేసిక్‌లో ఏదో టైప్ చేయబోతే తెర స్తంభించిపోతుంది. స్క్రోల్ లాక్ నొక్కి గేమ్ ఫోకస్ ఆన్ చేస్తే కీలన్నీ నేరుగా పాత మెషీన్‌కే వెళతాయి. మామూలు కీబోర్డుల్లో ఇంకో చిక్కు: పై బాణం, ఎడమ బాణం, స్పేస్ మూడూ కలిపి నొక్కితే మూడోది అందకపోవచ్చు. ఇది కీబోర్డ్ లోపలి వైరింగ్ సమస్య, ఏ సెట్టింగూ దీన్ని బాగుచేయదు. ఫైర్‌ని కంట్రోల్ కీకో షిఫ్ట్‌కో మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది.

అపోహ: ఆలస్యమంతా బ్లూటూత్ వల్లే.

యూరప్ మోడల్ మెషీన్లు సెకనుకి దాదాపు 50 ఫ్రేములు చూపిస్తాయి, అంటే ఫ్రేముకి 20 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ ప్యాడ్‌ని సెకనుకి 125 సార్లు పలకరించినా ఒక్కో విడతకి పట్టేది 8 మిల్లీసెకన్లే. టీవీ బొమ్మ చూపించడానికి తీసుకునే సమయం ఇంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, అందుకే ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి చూడండి.

అపోహ: ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది, బటన్ అరిగిపోయింది.

బటన్ అరిగి ఉండొచ్చు కూడా. కానీ ముందు స్టీమ్ లాంటి లాంచర్ వెనకాల నడుస్తోందేమో చూడండి. అది ప్యాడ్ నొక్కుల్ని కీబోర్డ్, మౌస్ నొక్కులుగా మార్చి పంపగలదు. అప్పుడు ఎమ్యులేటర్‌కి ప్యాడ్ నుంచి ఒకటి, "కీబోర్డ్" నుంచి ఒకటి చేరతాయి. విండో మూసేస్తే చాలదు, తెర అడుగున గడియారం పక్కన ట్రేలో ఉన్న ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి పూర్తిగా ఎగ్జిట్ కొట్టాలి.