సైరన్ విన్న ఊరు: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు సిరికి, వంశీకి తాతయ్య ఆశీస్సులు.

“అమెరికాలో గాలికి ఇళ్లు ఎగిరిపోతాయట, నిజమేనా తాతయ్యా?” అని మొన్న అడిగారు కదా. ఫోనులో చెబితే సగం వింటారు, సగం మరిచిపోతారు. అందుకే రాస్తున్నాను.

మీ పెదనాన్న ఉండే విచిటా నుంచి పడమటికి కారులో రెండు గంటలలోపే గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరు వస్తుంది. కాన్సస్ రాష్ట్రం. కొండ లేదు, అడవి లేదు. ఎటు చూసినా గోధుమ చేలు, పచ్చిక, ఆకాశం. అదంతా ఒకప్పుడు అక్కడి ఆదివాసులు తిరిగిన నేల. కయోవా తెగ పేరు ఆ జిల్లాకు ఇప్పటికీ ఉంది. 1886లో ఊరు వెలిసింది. గుర్రపు బళ్ల సర్వీసు నడిపిన గ్రీన్ అనే ఆయన పేరే ఊరికి పెట్టారు.

ఊరు కట్టగానే నీళ్ల సమస్య. మనుషులకీ కావాలి, రైళ్ల ఆవిరి ఇంజన్లకీ కావాలి. 1887లో బావి తవ్వడం మొదలుపెట్టారు. యంత్రాలు లేవు. చుట్టుపక్కల రైతులు, పశువులు కాసేవాళ్లు పలుగూ పారా పట్టుకుని దిగారు. మట్టిని తొట్లలో నింపి, తాళ్లతో, కప్పీలతో పైకి లాగారు. మరుసటి ఏడాదికి 32 అడుగుల వెడల్పు, 109 అడుగుల లోతు బావి తయారైంది. మన పదంతస్తుల మేడ అందులో నిలువునా మునిగిపోతుంది! చేత్తో తవ్విన బావుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకైతే ఆ లోతు కంటే, అడుగున నిలబడి పైన రూపాయి బిళ్లంత ఆకాశాన్ని చూస్తూ పని చేసిన ఆ కూలీలే గుర్తుండిపోయారు. 1932 దాకా ఊరంతా ఆ నీళ్లే తాగింది.

ఇక ఇళ్లను ఎగరేసే ఆ సుడిగాలి, అంటే టోర్నడో సంగతి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మీరు చూశారు. అది సముద్రంలో పుట్టి, రోజుల ముందే కబురు పెట్టి, జిల్లాలకు జిల్లాలను కమ్మేస్తుంది. టోర్నడో అలా కాదు. నేల మీద ఉరుముల మేఘంలో పుడుతుంది, చాలాసార్లు నిమిషాల్లోనే పోతుంది, ఒక సన్నటి దారిని మాత్రమే ఊడ్చేస్తుంది. కానీ ఆ దారిలో దాని గాలి తుపాను కంటే ఎంతో భయంకరం.

వసంత కాలంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమతో నిండిన వెచ్చటి గాలి కాన్సస్ మీదికి వస్తుంది. పడమటి నుంచి పొడిగాలి వస్తుంది. బాగా ఎత్తులో చల్లటి గాలి వేగంగా వీస్తుంటుంది. కింద గాలి నెమ్మదిగా, పైన గాలి జోరుగా, అదీ వేరే దిక్కున వీస్తే, మధ్యలో ఉన్న గాలి రెండు అరచేతుల మధ్య పెట్టిన పెన్సిల్‌లా అడ్డంగా దొర్లుతుంది. వెచ్చటి గాలి పైకి తన్నుకొచ్చినప్పుడు దాన్ని నిలువుగా లేపుతుంది. అప్పుడు మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరిగే మేఘాలన్నీ టోర్నడోలు కావు. కొన్నే ఎందుకవుతాయో శాస్త్రవేత్తలు ఇంకా పూర్తిగా తేల్చలేదు. పెద్దయ్యాక మీలో ఎవరైనా తేలిస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

2007 మే 4, రాత్రి దాదాపు పావు తక్కువ పదింటికి అలాంటి టోర్నడో ఒకటి గ్రీన్స్‌బర్గ్‌ను తాకింది. వెడల్పు 2.7 కిలోమీటర్లు, అంటే దాదాపు ఊరంత. గాలి వేగం గంటకు సుమారు 330 కిలోమీటర్లని తర్వాత అంచనా కట్టారు. చీకట్లో ఎవరికీ కనబడలేదు. మెరుపు మెరిసినప్పుడు మాత్రం నల్లటి గోడలా కనిపించి మళ్లీ మాయమయ్యేది. ఊళ్లో నూటికి 95 వంతులు నేలమట్టమైంది. ఆసుపత్రి, బడి, ఇళ్లు, దుకాణాలు అన్నీ పోయాయి. కాంక్రీటుతో కట్టిన ధాన్యం గోదాము, పాత కోర్టు భవనం లాంటివి కొన్నే నిలబడ్డాయి.

దాదాపు 1,400 మంది ఉన్న ఆ ఊళ్లో పోయింది ఎంతమందో తెలుసా? 11 మంది. ఆ 11 ఇళ్ల దుఃఖం చిన్నదని నేనెప్పుడూ అనను. కానీ తెల్లారి ఆ శిథిలాలను చూసినవాళ్లెవరికీ ఇంతమంది బతికారంటే నమ్మబుద్ధి కాలేదు. డాడ్జ్ సిటీ వాతావరణ కేంద్రంలో రాడార్ ముందు కూర్చున్నవాళ్లు మేఘం తిరగడం గమనించి గట్టిగా హెచ్చరించారు. ఊళ్లో సుమారు ఇరవై నిమిషాల ముందే సైరన్లు మోగాయి. కాన్సస్‌లో మే నెలలో సైరన్లు మోగడం కొత్త కాదు. “ఎప్పుడూ మోగేదేగా” అని జనం టీవీ ముందే కూర్చుని ఉంటే? కూర్చోలేదు. పిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని ఇళ్ల కింద ఉండే నేలమాళిగల్లోకి దిగారు. పైన ఇల్లు లేచిపోయినా కింద మనుషులు మిగిలారు. పేరు కూడా తెలియని ఆ రాడార్ మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

తర్వాత గుడారాల్లో మీటింగులు పెట్టుకుని, మళ్లీ ఇక్కడే కట్టుకుందామని, కట్టేది మేలుగా కడదామని నిర్ణయించుకున్నారు. పెద్ద మునిసిపల్ భవనాలన్నీ కరెంటూ నీళ్లూ పొదుపు చేసే అత్యున్నత ప్రమాణంలోనే ఉండాలని తీర్మానం చేశారు. వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీ చేశారు. కాన్సస్ యూనివర్సిటీ విద్యార్థులు స్వయంగా ఒక కళాకేంద్రం కట్టి ఇచ్చారు. దాని పేరే 5.4.7, టోర్నడో వచ్చిన తేదీ. అమెరికావాళ్లు నెలను ముందు రాస్తారు కదా. ఊరి బయట పది పెద్ద గాలిమరలు కరెంటు తీస్తున్నాయి.

అయినా వెళ్లిపోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. 2010 జనాభా లెక్కల్లో 777 మందే ఉన్నారు, 2020లో 740. ఇల్లు మళ్లీ కట్టుకునే స్తోమత అందరికీ ఉండదు, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లకు. కొత్త భవనాలు చూసి మెచ్చుకునేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

బావికి ఏమీ కాలేదు. దాని మీద 2012లో కొత్త మ్యూజియం తెరిచారు. అందులో దాదాపు 450 కిలోల ఉల్కరాయి ఒకటుంది. టోర్నడో తర్వాత శిథిలాల కింద దొరికితే మళ్లీ తెచ్చి పెట్టారు. ఇలాంటి ఉల్కల్లో ఇనుము మధ్య ఆలివిన్ అనే పచ్చటి స్ఫటికాలు ఉంటాయి. మీ సైన్సు టీచరుగారిని వాటి గురించి అడిగి, ఆవిడ ఏం చెప్పారో నాకు రాయండి. వంశీ ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య