ఆసుపత్రిలో లీన్: వార్డుల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. పేషెంట్ లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఇంటికి వెళ్లేదాకా ఎక్కడెక్కడ ఊరికే కూర్చోవాల్సి వస్తోందో చూసి, దాన్ని తగ్గించడం మా పని. ఇందుకు మేం వాడేది టయోటా ఫ్యాక్టరీల్లో పెరిగిన లీన్ పద్ధతి, అంటే పనిలో వృథాను, ఎదురుచూపును వెతికి తీసేసే పద్ధతి. ఆ పేరెత్తగానే ఎదురయ్యే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రోగులు కార్లు కాదు, ఫ్యాక్టరీ పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఏ ఇద్దరు రోగులూ ఒకేలా ఉండరు, నిజమే. కానీ రక్తం శాంపిల్ ల్యాబ్‌కి చేరడం, మందులు ఫార్మసీ నుంచి వార్డుకి రావడం, ఖాళీ అయిన బెడ్‌ని మళ్లీ సిద్ధం చేయడం రోజూ అదే తీరులో జరుగుతాయి. మేం సరిచేసేది వాటినే. డాక్టర్ రోగితో మాట్లాడే సమయం జోలికి వెళ్లం.

నిజానికి ఈ పద్ధతి మూలాలు కార్ల కంటే ముందు మగ్గంలో ఉన్నాయి. 1924లో టయోటా సంస్థ మూలపురుషుడు సాకిచి టొయోడా తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గం, పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. పోచంపల్లిలో నేత చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, తెగిన పోగును వదిలేసి నేస్తూ పోతే చీరంతా పాడవుతుంది. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2002లో టయోటా పద్ధతిని తెచ్చుకున్నప్పుడు, ఆ మగ్గంలాగే, రోగికి హాని జరుగుతుందనిపిస్తే ఏ ఉద్యోగైనా పని ఆపించే ఏర్పాటు చేసింది. మన దగ్గర అన్నిటికంటే కష్టమైనది ఇదే. కొత్తగా చేరిన సిస్టర్ సీనియర్ సర్జన్‌తో "సార్, ఒక్క నిమిషం ఆగండి" అనగలగాలి, అన్నందుకు ఆమె తిట్లు తినకూడదు.

అపోహ: లీన్ అంటే స్టాఫ్‌ని తీసేయడం.

కాదు. అలా వాడే మేనేజ్‌మెంట్లు ఉంటే అది వాళ్ల తప్పు. సిరంజి పంపు కోసం మూడు వార్డులు తిరగడం, అదే వివరాన్ని నాలుగు రిజిస్టర్లలో రాయడం, మందుల కోసం పంపిన ఇండెంట్ ఏమైందని ఫార్మసీకి పదే పదే ఫోన్ చేయడం, ఇవి పోవాలి. అప్పుడు సిస్టర్‌కి పేషెంట్ దగ్గర నిలబడే తీరిక దొరుకుతుంది.

అపోహ: ఎవరూ ఒక్క నిమిషం ఖాళీగా ఉండకూడదు.

దీనికి క్యూల గణితంలో మామూలు లెక్క ఒకటి ఉంది. ఒకే కౌంటర్, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయమూ మారుతూ ఉంటుంది అనుకుందాం. కౌంటర్ 80 శాతం సమయం బిజీగా ఉంటే, ఒక్కరి పనికి సగటున పట్టే సమయానికి 4 రెట్లు ఎదురుచూడాలి. 90 శాతమైతే 9 రెట్లు. మనిషికి కాస్త ఊపిరి ఉంటేనే క్యూ కదులుతుంది.

అపోహ: డిశ్చార్జ్ ఆలస్యమయ్యేది ఇన్సూరెన్స్ వల్లే.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇది. ఉదయం రౌండ్స్‌లో డాక్టర్ "ఇవాళ ఇంటికి వెళ్లొచ్చమ్మా" అంటారు. ఆ మాట నమ్మి వాళ్లు సంచులు సర్దుకుంటారు. డ్యూటీ డాక్టర్ మాత్రం చికిత్స వివరాలుండే డిశ్చార్జ్ సమ్మరీలన్నీ మధ్యాహ్నం ఒకేసారి రాస్తారు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. తర్వాత ఫైళ్లన్నీ కట్టగా బిల్లింగ్ మీద పడతాయి. ఇన్సూరెన్స్ వాళ్లకు కాగితం వెళ్లేది అప్పుడే!

నానక్‌రామ్‌గూడలోనే ఆఫీసున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ కేసుల్లో ఆసుపత్రి అభ్యర్థన అందిన 3 గంటల్లోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. అంటే గడియారం మొదలయ్యేది మనం పంపాకే. రేపు వెళ్లేవాళ్లెవరో ముందురోజు సాయంత్రమే చాలావరకు తెలుస్తుంది. సమ్మరీ డ్రాఫ్ట్, మందుల రిటర్న్ అప్పుడే ముగించి, ఏ ఫైల్ పూర్తయితే దాన్ని వెంటనే ముందుకు పంపితే మధ్యాహ్నానికే బెడ్ ఖాళీ అవుతుంది. క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉన్నవాళ్లకు ఆ బెడ్ దొరుకుతుంది. వనపర్తి వెళ్లాల్సిన కుటుంబం పొద్దుండగానే ఎంజీబీఎస్‌లో బస్సెక్కుతుంది.

అపోహ: పరిశోధనకు ఇవి వర్తించవు.

కొత్త విషయం ఎప్పుడు బయటపడుతుందో టైంటేబుల్ వేయలేం, వేయకూడదు కూడా. కానీ తార్నాక నుంచి జీనోమ్ వ్యాలీ దాకా ఇన్ని పరిశోధనశాలలున్న ఊళ్లో, పీహెచ్‌డీ విద్యార్థుల రోజులు రీఏజెంట్ (ప్రయోగాలకు వాడే రసాయనం) కోసం, సంతకం కోసం ఎదురుచూడటంలో పోతున్నాయంటే అది సైన్స్ స్వభావం కాదు. పిపెట్ టిప్స్‌కి (ద్రవాన్ని కొలిచి తీసే పరికరానికి తొడిగే చిన్న గొట్టాలకు) రెండు డబ్బాల పద్ధతి చాలు: మొదటిది ఖాళీ కాగానే దాని కార్డు స్టోర్‌కి వెళ్తుంది, కొత్త డబ్బా వచ్చేలోపు రెండోది వాడతారు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఏ బాక్స్ ఏ అరలో ఉందో తలుపు మీదే రాసి ఉంటే, తలుపు తెరిచి వెతుకుతూ శాంపిల్స్‌ని వేడెక్కించే పని ఉండదు.

అపోహ: ముందు సాఫ్ట్‌వేర్ కొనాలి.

అవసరం లేదు. రేపు ఉదయం ఓపీకి వచ్చిన ఒక పేషెంట్‌ని అడిగి, వాళ్లతో పాటే రిజిస్ట్రేషన్ నుంచి ఫార్మసీ దాకా నడవండి. ఎక్కడ ఎంతసేపు ఆగారో కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని ఆ పని చేసే సిస్టర్లకు, క్లర్కులకు, అటెండర్లకు చూపించి, ఏం మార్చాలో వాళ్లనే అడగండి.