లెక్కలు తప్పించుకుందామని బయోటెక్నాలజీకి వస్తున్నారా?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే చాలు, ఒకటే మాట. "మావాడికి లెక్కలంటే పడదు మేడమ్, అందుకే బయోటెక్నాలజీలో చేర్పిద్దామనుకుంటున్నాం." డిగ్రీ విద్యార్థుల చేత ల్యాబ్ చేయించే దాన్ని కదా, వినగానే ఒళ్ళు మండుతుంది. పిల్లల మీదా కాదు, తల్లిదండ్రుల మీదా కాదు. ఎవరో ఒకరు వాళ్ళకి ఈ మాట ధీమాగా చెప్పి పంపిస్తారు చూడండి, వాళ్ళ మీద.

అపోహ: బయోటెక్నాలజీ అంటే బయాలజీనే, లెక్కలతో పనుండదు.

వాస్తవం: మొదటి సెమిస్టర్ మొదటి ప్రాక్టికల్‌లోనే లెక్క ఎదురొస్తుంది. బఫర్ (ఆమ్ల, క్షార స్థాయిని నిలకడగా ఉంచే ద్రావణం) కలపాలంటే మోలారిటీ (లీటరుకి ఎన్ని మోల్స్), బ్యాక్టీరియాని లెక్కించాలంటే సీరియల్ డైల్యూషన్ (అంచెలంచెలుగా పలచన చెయ్యడం), ప్రొటీన్ ఎంతుందో తేల్చాలంటే స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన కొలతలతో గీసుకున్న గ్రాఫ్). మూడేళ్ళయినా నాలుగేళ్ళయినా, ఇవి వెంటే వస్తాయి.

మా దగ్గర ఓ అబ్బాయి ఉండేవాడు. థియరీ అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఓ రోజు అర లీటరు మీడియంలో, అంటే బ్యాక్టీరియాని పెంచే ద్రవంలో, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలపమన్నాను. స్టాక్ (ముందే చిక్కగా కలిపి పెట్టుకున్న ద్రావణం) మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు, మీడియంలో ఉండాల్సింది మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు. సీ1వీ1 = సీ2వీ2 (గాఢతని పరిమాణంతో గుణిస్తే రెండు పక్కలా సమానం) అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఒక పక్క మిల్లీ, ఇంకో పక్క మైక్రో ఉన్న సంగతి చూసుకోలేదు. 100కీ 100కీ కొట్టేసి, "మేడమ్, స్టాక్ అర లీటరు కావాలి" అని వచ్చాడు. ఫ్రీజర్‌లో ఉన్నదే ఒక మిల్లీలీటరు ట్యూబు! కావాల్సింది అందులో సగం, 500 మైక్రోలీటర్లు. పక్క బెంచీ వాళ్ళు నవ్వారు గానీ, నిజానికి అది మేలైన తప్పు. జవాబు అంత విడ్డూరంగా ఉంది కాబట్టి అక్కడే దొరికిపోయింది.

దొరకని తప్పులతోనే చిక్కు. ద్రవాన్ని చుక్కల్లో కొలిచి తీసే పిపెట్లలో మూడంకెల కిటికీ ఉండేవి చూడండి. పేరులోని అంకె అది తీయగల గరిష్ఠ మైక్రోలీటర్లు. పీ1000 మీద 0-5-0 కనిపిస్తే 500 మైక్రోలీటర్లు. పీ200 మీద అవే అంకెలు 50. పీ20 మీదైతే 5. చేతికందిన పీ200తో పని కానిచ్చేస్తే యాంటీబయాటిక్ పదో వంతే పడుతుంది. ఆ రోజు ఎవరికీ తెలీదు. చావాల్సిన బ్యాక్టీరియా కూడా బతికిపోవచ్చు కాబట్టి ప్లేట్ల మీద ఏది పెరిగినా నమ్మడానికి లేదు. తర్వాత వారమంతా కాంపిటెంట్ సెల్స్‌ని (బయటి డీఎన్ఏని తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియాని) తిట్టుకుంటూ కూర్చోవడమే.

ప్లేటు మీద బ్యాక్టీరియా గుంపులుగా పెరిగి కనిపించే చుక్కలని లెక్కపెట్టే కాలనీ కౌంట్ కూడా ఇంతే. పది లక్షల రెట్లు పలచన చేసిన శాంపిల్ 0.1 మిల్లీలీటరు పోస్తే 150 కాలనీలు వచ్చాయనుకోండి. మిల్లీలీటరుకి 150 కోట్లు అని రాయాలి. పోసింది పదో వంతేనని మర్చిపోయి 15 కోట్లు అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. డీఎన్ఏని సైకిల్ సైకిల్‌కీ పెంచుతూ కొలిచే రియల్ టైమ్ పీసీఆర్‌లో ఇంకా ఘోరం. ఒక శాంపిల్ సీటీ (డీఎన్ఏ మెషీన్‌కి కనిపించేంత పెరగడానికి పట్టిన సైకిళ్ళు) 20, ఇంకోదానిది 25. "ఐదే కదా తేడా, దాదాపు సమానం" అని రికార్డులో రాసేస్తారు. ప్రతి సైకిల్‌కీ డీఎన్ఏ రెట్టింపవుతుందనుకుంటే ఆ ఐదుకి అర్థం 32 రెట్లు!

ఇదంతా చదివి బెదిరిపోకండి. లెక్కలంటే భయపడే పిల్లలు ఈ కోర్సుకి పనికిరారని నేను అనడం లేదు. యూనిట్లు మార్చుకోవడం, నిష్పత్తులు, ఘాతాలు, లాగ్, కాస్త స్టాటిస్టిక్స్ వస్తే ల్యాబ్ పని చాలావరకు నడుస్తుంది. బయోప్రాసెస్ ఇంజనీరింగ్ వైపు వెళ్ళేవాళ్ళకి మాత్రం కాల్‌క్యులస్ తప్పదు. మొదటి ఇంటర్నల్ అయ్యాక ఏడుస్తూ వచ్చిన ఓ అమ్మాయికి రెండే చెప్పాను: ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయి, లెక్క చెయ్యకముందే జవాబు ఎంత ఉండొచ్చో అంచనా వేసి పెన్సిల్‌తో పక్కన రాసుకో. మూడో సెమిస్టర్‌కల్లా డైల్యూషన్లు సరిచూడమని మిగతావాళ్ళు ఆ పిల్ల దగ్గరికే వెళ్ళేవాళ్ళు. లెక్కలుండవని నమ్మి చేరినవాళ్ళు మాత్రం సగం దారిలో బ్యాక్‌లాగులతో నలిగిపోతుంటారు. వాళ్ళని చూస్తేనే నాకు బాధ.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: కోర్సంతా జీన్ ఎడిటింగే.

వాస్తవం: జీన్ ఎడిటింగ్ సాధనం క్రిస్పర్‌కి 2020లో నోబెల్ వచ్చాక ఈ మోజు పెరిగింది. డిగ్రీలో మీ చేతులు ఎక్కువగా చేసేది మీడియా కాచడం, స్ట్రీకింగ్ (బ్యాక్టీరియాని ప్లేటు మీద గీతలుగా పూయడం), డీఎన్ఏ ముక్కల్ని విడదీసి చూసే జెల్ పోయడం. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఇమ్యునాలజీ చదవకుండా ఎడిటింగ్ దాకా ఎవరూ వెళ్ళరు.

అపోహ: పీహెచ్‌డీ చెయ్యకపోతే ఈ డిగ్రీ దండగ.

వాస్తవం: సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ దారి పట్టాల్సిందే, అది ఏళ్ళ తరబడి సాగే పని. కానీ బ్యాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కి అమెరికాలో 1982లోనే అనుమతి వచ్చింది. అలాంటి మందు ఏ బ్యాచ్ బయటికెళ్ళాలన్నా స్వచ్ఛత, స్టెరిలిటీ (సూక్ష్మజీవులు లేకపోవడం) పరీక్షించేవాళ్ళు, రికార్డులు రాసేవాళ్ళు కావాలి. వాళ్ళందరూ డాక్టరేట్లేమీ కాదు.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక ల్యాబ్‌తో పనేముంది?

వాస్తవం: ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రొటీన్ ఆకృతిని అంచనా వేస్తుంది. దాన్ని తయారుచేసిన ఇద్దరికి 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా కూడా వచ్చింది. అయినా ఆ ప్రొటీన్‌ని కణంలో తయారుచేయించి, శుద్ధి చేసి, పని చేస్తుందో లేదో చూడాల్సింది మనుషులే.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు భవనాలు చూసి వచ్చేయకండి. ల్యాబ్‌లోకి వెళ్ళి, వారానికి ప్రాక్టికల్ ఎన్ని గంటలో, పిపెట్ ఒక్కొక్కరి చేతికీ వస్తుందో, లేక ఒకరు చేస్తుంటే పదిమంది చుట్టూ నిలబడి చూడాలో అడగండి. టీచర్‌ని కాదు, సీనియర్ పిల్లల్ని.