గార వేరు, ఫ్లోరైడ్ మచ్చ వేరు

పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. అందుకేనేమో, పచ్చబడ్డ పళ్లతో వచ్చినవారంతా పంటి డాక్టర్నైన నేను చూడకముందే "ఫ్లోరైడ్ మేడం" అనేస్తారు. అన్నీ ఫ్లోరైడ్ కావు, కొన్ని గార.

అపోహ: గట్టిగా తోమితే ఫ్లోరైడ్ మచ్చలు పోతాయి.

మొన్న మర్రిగూడ వైపు నుంచి ఒకావిడ పదో తరగతి చదివే కొడుకును తీసుకొచ్చారు. ఇటుక పొడితో కూడా తోమించారట. అబ్బాయికి అద్దం ఇచ్చాను. పై ముందుపళ్ల మీద గోధుమరంగు చార ఉంది. అది ఫ్లోరైడే. దవడలో పన్ను తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల పంటి పైనుండే గట్టి పింగాణీ పొరలోనే (ఎనామెల్) పడిన మచ్చ. ఇటుక పొడికి పింగాణీ అరుగుతుంది, మచ్చ పోదు.

తర్వాత కింది పళ్ల దగ్గర, చిగురు అంచున గోటితో గీకమన్నాను. తెల్లగా, మెత్తగా వచ్చింది. వాసన చూడమంటే మొహం తిప్పేసుకున్నాడు. అది పాచి.

అపోహ: పుక్కిలిస్తే చాలు.

బావి మెట్ల మీద పట్టేదాన్నీ పాచి అనే అంటాం. నీళ్లు చల్లితే అది పోతుందా? తోముకున్న నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పంటిపై పలుచటి పొరగా పరుచుకుంటాయి. స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా ముందుగా దానికి అతుక్కుంటుంది, దాన్ని పట్టుకుని మిగతావి చేరతాయి. వాటిలో మ్యూటాన్స్ అనే రకం మనం తిన్న చక్కెరతోనే జిగురు చేసుకుంటుంది, ఆమ్లమూ వదులుతుంది. పంటిపై పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే తగ్గితే పింగాణీ కరగడం మొదలవుతుంది. ఈ జిగురు కదలాలంటే రుద్దాల్సిందే. వేపపుల్లకు నేను వ్యతిరేకిని కాను, కానీ పళ్ల లోపలివైపుకు అది సరిగా అందదు.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తే తోమడం ఆపాలి.

1965లో డెన్మార్క్‌లో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక తగ్గాయి. మెత్తటి బ్రష్‌తో తోమండి, ఆపకండి.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. తీయకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడితే గార అవుతుంది. ఇక బ్రష్‌కు లొంగదు. కొన్ని లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కింద తెరుచుకుంటాయి కాబట్టి కింది ముందుపళ్ల వెనక ఎక్కువగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి దాన్ని అలాగే వదిలేస్తే చిగురు కిందికి జారుతుంది, ఎముక కరుగుతుంది, పళ్ల సందుల్లో గార నిండిపోతుంది. తీయగానే నాలుకకు ఖాళీలు తగులుతాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. గార చేసిన నష్టాన్ని మేం బయటపెడతాం, నింద మాత్రం మాకు.

అపోహ: మన నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది, ఫ్లోరైడ్ పేస్టు ఎవరూ వాడకూడదు.

పళ్లన్నీ తయారైన పెద్దలకు పేస్టు వల్ల కొత్తగా మచ్చలు పడవు, పైగా వాళ్లు ఉమ్మేస్తారు కదా. ఉమ్మడం రాని పసివాళ్ల సంగతి వేరు: బియ్యపుగింజంతకు మించకూడదు, పెద్దవాళ్లే తోమాలి. ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఆ కాస్త కూడా వైద్యుణ్ని అడిగాకే.