రెండు పర్మిట్లు, ఒకే పంపు

సముద్రంలో చమురు రిగ్గు మీద ఇవాళ వెల్డింగుకైనా వాల్వు విప్పడానికైనా పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి), ఐసొలేషన్ (ఆ పరికరాన్ని మిగతా లైన్ల నుంచి విడదీయడం), చుట్టుపక్కల నడుస్తున్న పనులు అన్నీ ఒక్కచోట సరిచూశాకే సంతకం పడుతుంది. ఈ పద్ధతి రావడానికి చాలా ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

1988 జూలై 6. ఉత్తర సముద్రంలో బ్రిటన్ వైపున్న పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాం. 'ఎ' కండెన్సేట్ (గ్యాసుతో వచ్చే తేలికైన ద్రవ ఇంధనం) పంపు మరమ్మతుకు ఒక పర్మిట్, దాని సేఫ్టీ వాల్వు విప్పడానికి ఇంకో పర్మిట్. సాయంత్రానికి వాల్వు తిరిగి ఎక్కలేదు. ఆ చోట గొట్టం నోరు మూసే బిళ్ల, అంటే బ్లైండ్ ఫ్లాంజి, పెట్టారు గానీ గట్టిగా బిగించలేదు. రాత్రి 9.45 ప్రాంతంలో 'బి' పంపు ఆగిపోయింది. నైట్ షిఫ్టుకు మరమ్మతు పర్మిట్ దొరికింది, ఆ పని ఇంకా మొదలే కాలేదని తేలింది. వాల్వు పర్మిట్ మాత్రం వాళ్ల కంటపడలేదు. 'ఎ' పంపు నడిపారు. ఫ్లాంజి దగ్గర కండెన్సేట్ చిమ్మి, పదింటికి పేలింది. నీటి అడుగున పనిచేసే డైవర్లను లోపలికి లాగేయకుండా, సముద్రపు నీటిని పీల్చే ఫైర్ పంపులను మాన్యువల్‌లో పెట్టి ఉంచారు. అవి వాటంతట అవి నడవలేదు. ఒకరిని కాపాడే ఏర్పాటు మిగతా అందరి రక్షణనూ ఆపేసింది. 167 మంది చనిపోయారు.

1990లో ఈ ప్రమాదంపై న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ విచారణ 106 సిఫార్సులు చేసింది. దాని ఫలితమే బ్రిటన్‌లో 1992 నాటి సేఫ్టీ కేస్ నిబంధనలు: ప్రమాదాలేమిటో, వాటికి అడ్డుకట్టలేమిటో ఆపరేటరే ముందుగా చూపించాలి.

అమెరికా ఆ దారి పట్టలేదు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలోని మకాండో చమురు బావిలో, బావి లోపలి నుంచి లీకవుతోందా అని చూసే నెగటివ్ ప్రెషర్ టెస్టు చేస్తే డ్రిల్ పైపులో 1,400 పీఎస్ఐ ఒత్తిడి కనిపించింది (లీకు ఉన్నట్టు), పక్కనుండే కిల్ లైన్ గొట్టంలో ప్రవాహం లేదు (లీకు లేనట్టు). రెండూ ఎందుకు పొసగడం లేదో తేలకముందే టెస్టు పాసైందనుకున్నారు. బావి ఎగదన్ని పేలుడు జరిగి 11 మంది పోయారు. బావి ఒకరిది, రిగ్గు ఇంకొకరిది. ఇద్దరి భద్రతా పద్ధతులను కలపాల్సిన బ్రిడ్జింగ్ డాక్యుమెంటులో ఎంత ఎత్తులో బెల్టు కట్టుకోవాలి వంటి ఆరు అంశాలే ఉన్నాయి. బావి అదుపు తప్పితే ఏం చేయాలన్నది లేదు. నా దృష్టిలో ఆ రిగ్గు మీద అన్నిటికన్నా పెద్ద లోపం అదే. స్వచ్ఛందంగా ఉన్న భద్రతా నిర్వహణ విధానాన్ని ఆ ఏడాదే తప్పనిసరి చేశారు.

మన దగ్గర 2005 జూలై 27న ముంబై హై నార్త్‌లో, వేళ్లు తెగిన వంటమనిషిని దింపడానికి వచ్చిన సహాయక నౌక రైజర్లను (సముద్రం అడుగు నుంచి చమురు, గ్యాసు పైకి తెచ్చే గొట్టాలను) ఢీకొట్టింది. 22 మంది బలయ్యారు. అక్కడ రోగి తరలింపు, నౌక రాక, రైజర్ల రక్షణ మూడింటినీ కలిపి చూడాల్సింది. 2008లో సముద్ర చమురు కార్యకలాపాల భద్రతకు విడిగా నిబంధనలు వచ్చాయి, అమలు బాధ్యత కేంద్ర పెట్రోలియం శాఖ కింది భద్రతా సంస్థ ఓఐఎస్‌డీకి అప్పగించారు. కాకినాడ తీరానికి ఆవల కేజీ బేసిన్‌లో తవ్వే బావులూ వాటి పరిధిలోకే వచ్చాయి.